మూఢం నెల

మా నాయిన జానయ్య
మిర్యాలగూడ రైసుమిల్లుల
ఇరవై రెండేండ్లు హల్లరు కాడ నిలవడ్డడు.
ఇంటికొచ్చి రేడియో వెడితె
గుండీ ఎప్పుడు ఏడు మీదనే.
అమ్మ నాలుగుకు దించేది,
ఆయన తవుడు కడుక్కొచ్చి మల్ల ఏడుకు తిప్పేటోడు.
తిప్పి తిప్పి ఆ అంకె అరిగిపోయింది.
"ఎందుకట్ల మొత్తుకోవెట్టుడు" అని అమ్మంటె
"ఏది, సన్నగనే వస్తుంది గద" అనేటోడు.
అబద్ధమాడలే ఆయన.

నేను డీజే వెట్టిన.
ఎనిమిది బాక్సులు, ఒక జనరేటరు,
కిస్తీల మీద తెచ్చిన ట్రాలీ ఆటో,
వైర్లు సుట్టెటందుకు పరశురాములు.
మొదటి బరాత్ నిడమనూర్ల.
బేసు కొడ్తుంటె
పక్కటెముకలల్ల ఎవలో తలుపు దట్టినట్టు,
తాగిన నీళ్లు కడుపుల కదిలినట్టు.
రెండు దినాలు చెవులల్ల ఇలకోడి అరిసింది.
మూడో బరాత్‌కు ఒక పూటనే అరిసింది.
పదో బరాత్‌కు అరవనే లేదు.
నయమైందనుకున్న.

చిన్నప్పుడు
మర్రిగూడెం దిక్కు మేనత్త ఇంటికి పోతె
బోరునీళ్లు నోట్లె వోసుకొని ఉమ్మేసిన.
అత్త నవ్వింది:
"నాలుగొద్దులుండు బిడ్డా, తియ్యగయితయి."
అయినయి.
నీళ్లు మారలే, నాలుక మారింది.
అత్త మోకాళ్లు మాత్రం
నాలుక మాట ఇనలే.

మొదటి ఏడు నాలుగు బాక్సులకే
ఊరు ఊరంత ఊగింది.
ఇప్పుడు ఎనిమిదింటికి
"సౌండే లేదు గదన్నా" అంటున్నరు పోరగాండ్లు.
నాకూ లేనట్టే ఉంటది.

ఈసారి మూఢం రెండు నెలలు.
లగ్గాలు లేవు, బాక్సులు పరదా కింద పన్నయి.
ఇంట్ల బిడ్డ పుట్టి నెల.
రేణుక పిల్లను భుజానేసుకొని తిరుగుతుంటె
పెదవులు కదులుతున్నయి.
"ఏమంటున్నవు?" అన్న.
"అంటలేను. పాడుతున్న."
"జర పెద్దగ పాడు."
"పెద్దగ పాడితె లేస్తది."

మొదటి వారం నిద్ర వట్టలే.
సప్పుడు లేనితనం ఛాతి మీద కూసుంది.
చలిల కూడ ఫ్యాన్ ఏసుకున్న,
ఏదో ఒకటి తిరగాలె గద.
రెండో వారం బల్లి.
పక్కింటి నల్లా, బొట్టు బొట్టు.
పాలు పొంగే ముందు గిన్నె చేసే గులుగుడు,
ఇన్నేండ్లు అది పొంగినంకనే కండ్లతోని చూసిన.
ఒక రాత్రి పిల్ల పాలు మింగిన గుటుకు ఇన్న.
లేచి కూసున్న.

పాట ఆ తర్వాత ఎన్నో దినాలకు అందింది.
మాటలు లేవు దాంట్ల.
ఊఁ ఊఁ అని దిగుతది,
నడుమ ఊపిరి వీల్చుకుంటది,
దిగిన మెట్టు మల్ల ఎక్కకుండ
పక్కకెల్లి పోతది.
నాయిన రేడియోల ఒకటి అంకె కింద
ఇంత జాగ ఉన్నదా!

మూఢం పోయింది.
హాలియల పెండ్లి.
స్విచ్చెయ్యంగనే
చెంప మీద కొట్టినట్టయింది, కండ్లల్ల నీళ్లు.
నొచ్చినందుకు సంబురపడ్డ.
చెవి ఇంకా బతికున్నది.
పెండ్లికొడుకు దోస్తులు పైసలు ఊపుకుంట,
"ఇంకొంచెం, అన్నా, ఇంకొంచెం."
పరశురాములు నా దిక్కు చూసిండు.
కిస్తీ ఐదో తారీకు.
పెంచిన.

ఇయ్యాల నొచ్చింది.
రేపు తక్కువ నొస్తది.
ఆ రేపటికే నాకు భయం.

రాత్రి మూడింటికి ఇల్లు చేరిన.
చెప్పులు గడప కాడనే ఇడిసిన.
రేణుక తిరుగుతుంది, పెదవులు కదులుతున్నయి,
నాకు ఇలకోడి తప్ప ఏం లేదు.
పోయి ఆమె వీపుకు చెవి ఆనిచ్చిన,
గోడకానిచ్చి పక్కింటి మాటలు ఇన్నట్టు.
"చెమట కంపు, దూరం జరుగు" అన్నది.
అన్నదనే అనుకుంట.
జరగలే.
బొక్కల్లకెల్లి వచ్చింది,
ఊఁ ఊఁ,
దిగి,
పక్కకెల్లి.

తెల్లారితె చింతపల్లిల బరాత్.